మధ్యరకం కుట్ర

ప్రజల మాట పట్టించుకోని ప్రభుత్వాలు లోకంలో చాలా ఉన్నాయి. ఆ మచ్చ తన ప్రభుత్వానికి అంటకూడదని మంత్రిగారు ఒక సోమవారం ఉదయం నిర్ణయించుకున్నారు. పదకొండు గంటలకల్లా మైదానంలో షామియానా వేయించి, ఇకమీదట ప్రజలు ఫోన్లలో ఒకరికొకరు పంపుకునే ప్రతి మెసేజినీ ప్రభుత్వం స్వయంగా చదువుతుందని ప్రకటించారు.

"ఒక ఇల్లాలు తన భర్తకు 'వచ్చేటప్పుడు సబ్బు తీసుకురండి' అని మెసేజి పెట్టిందనుకోండి," అన్నారు మంత్రిగారు, గొంతు కాస్త వణికించి. "ఆ భర్త దాన్ని చదవకపోవచ్చు. నా ప్రభుత్వం చదువుతుంది!"

చప్పట్లు మోగాయి. ఆడవాళ్ల వైపు మరీ ఎక్కువసేపు మోగాయి.

ఆ పనికోసం సందేశ సంక్షేమ శాఖ అని కొత్త శాఖ పెట్టారు. ఊరూరా ఒక ఆఫీసు, ఆఫీసుకో అధికారి. ఈ ఊరి ఆఫీసు బస్టాండు వెనక పాత ధాన్యం గోదాము మీది అంతస్తులో తెరిచారు. మూడు గదులు, ఏడు కుర్చీలు, ఒక కూలరు, నలుగురు చదువరులు. గుమ్మం మీద బోర్డు: "మీరు రాయండి, మేం చదువుతాం."

ఆ గోదాముకు సరిగ్గా ఎదురుగా రీఛార్జి బాబాయి కొట్టు. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. రీఛార్జి, కొత్త సిమ్ములు, పాత ఫోన్ల రిపేరు, జిరాక్సు. అతని అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ ఆ బోర్డు చదివినవాళ్లు లేరు. ఊళ్లో చిన్నాపెద్దా అందరికీ రీఛార్జి బాబాయే. ఏ సంగతైనా తక్కెట్లో వేసి చూసుకుంటే గాని అతని మనసుకు పట్టదు. ప్రేమైనా, కోపమైనా, ప్రభుత్వమైనా అంతే. మంత్రిగారి ప్రకటనను కూడా అలాగే తూచాడు. ప్రభుత్వం చదువుతుందంటే జనం రాయడం మానేస్తారు. రాయడం మానేస్తే రీఛార్జికి రారు. కాబట్టి ఇది చెడ్డ ప్రభుత్వం. రాజకీయాల మీద బాబాయి అభిప్రాయం ఇంతకు మించి ఏనాడూ పోలేదు.

కానీ అతనికో చెల్లెలుంది. ఆమె అభిప్రాయాలు అంత దగ్గర్లో ఆగేవి కావు.

చెల్లెలు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. పద్నాలుగేళ్ల సర్వీసు. ఆ ఆసుపత్రిలో పిల్లల వార్డు ఒకటుండేది. ఏడాది కిందట దానికి తాళం వేశారు. మంత్రిగారు ముందు ముందు ఆవిష్కరించబోయే శిలాఫలకాలు దాచడానికి తడి తగలని గది ఊళ్లో మరొకటి దొరకలేదట. ఆ రోజు నుంచి జ్వరమొచ్చిన పిల్లలు వరండాలో బెంచీల మీద పడుకుంటున్నారు. ఫలకాలు లోపల పొడిగా, చల్లగా, ఏ జబ్బూ లేకుండా ఉన్నాయి. తల్లులూ నర్సులూ కలిసి పన్నెండు మంది సంఘం పెట్టుకున్నారు. దానికి కార్యదర్శి చెల్లెలే.

ప్రకటన వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె డ్యూటీ దిగి నేరుగా కొట్టుకొచ్చింది.

"అన్నయ్యా, పోయిన వారం ఒక మెసేజి పెట్టాను."

"ఎవరికి?"

"సంఘంలో పదకొండు మందికీ. 'రేపు పదింటికి పిల్లల వార్డు గేటు దగ్గర. అందరూ రండి. తాళం సంగతి తేలుద్దాం' అని."

బాబాయి చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు.

"ఇంకా నయం. మంత్రిగారికి కూడా ఒకటి పెట్టలేకపోయావా?"

"ఎగతాళి చెయ్యకు. నిన్ననే డిలీట్ చేసేశాను. మిగతావాళ్లతో కూడా చేయించాను."

"చేతిలో ఉన్న రసీదు చించుకున్నావు. పుస్తకంలో కార్బన్ కాపీ ఉంటుంది కదమ్మా! అది ఫోను కంపెనీ దగ్గరుంది. ఎవరికి పంపావో ఉంది, ఎన్నింటికి పంపావో ఉంది, ఎక్కడ నిలబడి పంపావో కూడా ఉంది. మెసేజంటే అంటించిన కవరనుకున్నావా? పోస్టుకార్డు. చేతులు మారిన ప్రతిచోటా తీరిగ్గా చదువుకోవచ్చు."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా? ఇన్నేళ్లుగా సిమ్ములమ్ముతున్నావు!"

"సరుకులో లోపం చెప్పి అమ్మిన వ్యాపారిని ఎక్కడైనా చూశావా?" అన్నాడు బాబాయి. అన్నాడే గాని, ఆ పూట చేతిలో ఉన్న ఫోనుకి మూత తిరగేసి బిగించాడు.

మర్నాడు సందేశ అధికారి స్వయంగా రోడ్డు దాటి కొట్టుకొచ్చాడు. మనిషి సన్నం, మాట మెత్తన. ఈ ఉద్యోగానికి ముందు తూనికలు కొలతల శాఖలో ఇన్స్పెక్టరుగా చేశాడు. ఛార్జరు చూపించమన్నాడు. నాలుగు ఛార్జర్లు చూసి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"ఫోను కంపెనీ నుంచి పాతవి కూడా తెప్పించాం. మీ చెల్లెలి గారి మెసేజి చదివానండీ. ఎంత బాగా రాస్తారు! చోటుంది, వేళ ఉంది, పిలుపుంది. ఒక్క మాట ఎక్కువ లేదు."

"చిన్నప్పట్నుంచీ అంతేనండి."

"మూడేళ్లు పడొచ్చు. ఉద్యోగం ఎలాగూ పోతుందనుకోండి, అది వేరే సంగతి."

భయం వేసినా బాబాయి లోపలి వ్యాపారి మెలకువగానే ఉన్నాడు. ధర చెప్పకుండా సరుకుని పొగుడుతూ కూర్చున్నాడంటే, ఈయన బేరానికొచ్చాడు.

"పైకి పంపేశారా సార్?"

"పంపితే ఛార్జరు కోసం ఎందుకొస్తానండీ?" అన్నాడు అధికారి. తరవాత తన గోడు వెళ్లబోసుకున్నాడు. నెలకి అరవై అనుమానాస్పద మెసేజిలు పట్టి పంపాలని రాజధాని నుంచి టార్గెట్. మంత్రిగారు ప్రకటించిన దగ్గర్నుంచి ఊళ్లో ఎవరూ "సరే", "వస్తున్నా", "తిన్నావా" తప్ప ఇంకేమీ రాయడం లేదు. "పొద్దస్తమానం 'తిన్నావా', 'తిన్నావా' అని చదివి చదివి మా చదువరులు నలుగురూ లావెక్కిపోతున్నారు. ఇప్పటికి నా దగ్గరున్న కుట్ర ఇదొక్కటే. అరవై లేకపోతే ఆఫీసెత్తేస్తారు. నేను మళ్లీ సంతల్లో తక్కెళ్లు ఎత్తి చూసుకోవాలి."

"అరవై వస్తే?"

"అరవై ఉన్నవాడికి అరవై ఒకటోది ఎందుకండీ?"

కాగితం తిరిగి జేబులోకి వెళ్లింది. బాబాయి స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"సరుకు ఎలాంటిది కావాలి సార్?"

"మరీ నాసిరకం పనికిరాదు. ధరలు పెరిగాయి, రోడ్లు బాగాలేవు లాంటివి మా ఇంట్లోనే అనుకుంటాం. అలాగని మొదటిరకమూ వద్దు. తుపాకులూ బాంబులూ అని రాస్తే స్పెషల్ టీము దిగుతుంది. పేరంతా వాళ్లు కొట్టేస్తారు."

"మధ్యరకం."

"అదీ! మధ్యరకం కుట్ర. గేటు దగ్గర కలుద్దాం, నినాదాలిద్దాం, ఆ స్థాయి."

"ఎప్పటికి?"

"ఇరవై అయిదో తారీకుకి."

చేతులు కలుపుకోలేదు. ప్రభుత్వ వ్యవహారాల్లో ఆ అలవాటు లేదు. ఛార్జరు మాత్రం ప్రభుత్వంతో పాటు రోడ్డు దాటి వెళ్లిపోయింది.

ఇక సరుకు ఎక్కణ్ణుంచి తేవడం? బతికున్నవాడి పేరు మీద రాస్తే వాడి పీకకి చుట్టుకుంటుంది. అది పాపం. పైగా వాడు కొట్టుకొచ్చి గొడవ చేస్తాడు. పాపమూ గొడవా రెండూ లేని మనుషులు కావాలి. బాబాయి రెండు రోజులు ఆలోచించి, జిరాక్సు మిషను కింద పాడైన కాపీలు పడేసే అట్టపెట్టె బయటికి లాగాడు.

ఆరు నెలల కిందట ఎన్నికలప్పుడు మంత్రిగారి పార్టీ వార్డు నాయకుడు ఒక కట్ట ఓటరు కార్డులు తెచ్చి, రెండు వైపులా జిరాక్సు తీయమన్నాడు. మొదటి విడత మసకగా వచ్చింది. దాన్ని పెట్టెలో పడేసి మళ్లీ తీశాడు. తీస్తూ తీస్తూ మొహాలు చూశాడు. అందరూ తెలిసినవాళ్లే. అందరూ పోయినవాళ్లే. "ఎవరండీ వీళ్లంతా?" అనడిగితే, "మా పార్టీకి గట్టి ఓటర్లు బాబాయ్. మాట తప్పే రకం కాదు," అన్నాడు వార్డు నాయకుడు. జిరాక్సుకొచ్చినవాణ్ణి రెండో ప్రశ్న అడగడం బాబాయి ధర్మంలో లేదు.

మసకబారిన కాపీలు లెక్కపెడితే సరిగ్గా అరవై. సిమ్ములకి ఆ మాత్రం మసక చాలు. రిపేరుకిచ్చి మళ్లీ మొహం చూపించనివాళ్ల డొక్కు ఫోన్లు ముప్పై దొరికాయి. ఒక్కోదాంట్లో రెండేసి సిమ్ములు వేశాడు. బల్ల మీద అరవై మంది లేచి కూర్చున్నారు.

రాయడం మొదలుపెట్టాక బాబాయికి అందులో రుచి తెలిసింది. ఊళ్లో ఒక కాంపౌండరు, ఒక డ్రిల్లు మాస్టారు ఉండేవారు. పక్కపక్క ఇళ్లు. వాన నీటి గొట్టం ఎవరి గోడ మీదుగా పోవాలన్న తగువు మీద పంతొమ్మిదేళ్లు మాట్లాడుకోకుండానే ఇద్దరూ పోయారు. బాబాయి వాళ్లని కలిపాడు.

"మాస్టారూ, గొట్టం సంగతి తరవాత చూసుకుందాం. రేపు తొమ్మిదింటికి ఆసుపత్రి గేటు దగ్గరికి రండి. — కాంపౌండరు."

"వస్తున్నా. నీకు కూడా గొడుగు తెస్తాను. — డ్రిల్లు మాస్టారు."

ఈ రెండో మెసేజి రాసి బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. పోయినవాడి కళ్లు చారెడు అంటారు. మనసు కూడా చారెడు కావడం బాబాయి చేతి చలవ. కుట్రదారులకి ఒక డిమాండ్ ఉండాలి కదా. ఏం పెట్టాలో తోచక, ఇంట్లో రోజూ వినపడే మాటే పెట్టాడు: పిల్లల వార్డు తాళం తియ్యాలి.

చెల్లెలు ఒకరోజు కొట్టుకొచ్చి, బల్ల మీదున్న ఫోను తీసి చూసింది.

"అన్నయ్యా, కాంపౌండరు గారు మెసేజి పెట్టడమేమిటి? ఆయన పోయి నాలుగేళ్లయింది. కళ్లు మూసింది నేనే."

"అందుకే ధైర్యంగా రాస్తున్నాడు."

"బతికుండగా మా యూనియన్ మీటింగుకి ఒక్కనాడైనా వచ్చాడా! 'నాకెందుకమ్మా' అనేవాడు." ఇంకో ఫోను చూసింది. ఇంకోటి చూసింది. మొహంలో నవ్వు పోయింది. "నా కాగితం కోసమా ఇదంతా?"

"నీ కోసమా? భలేదానివే. రీఛార్జులు పడిపోయాయి, ఏదో ఒక బేరం నడవాలి కదా అని."

ఇరవై అయిదుకి సరుకు చేరింది. అధికారికి రాజధాని నుంచి అభినందన వచ్చింది. "ఇంతకీ వీళ్లెలాంటివాళ్లండీ?" అనడిగాడు మాటవరసకి.

"పెద్దమనుషులు సార్. ఎవరి జోలికీ రారు."

"పారిపోయే రకమా?"

"కదలరు సార్."

మూడు రోజులు తిరక్కుండా అధికారి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఫోను కంపెనీ పంపిన పటం. ఊరి పటం మీద అరవై ఎర్ర చుక్కలు, అరవైయ్యీ ఒకే చోట.

"ఏమండీ, అరవై మంది కుట్రదారులూ మూడు వారాలుగా పగలూ రాత్రీ మీ కొట్లోనే ఉన్నారట!"

బాబాయి కొట్టంతా ఒకసారి కలయజూశాడు. "బల్ల కింద కూడా చోటుందండీ."

"పైవాళ్లు నమ్మాలి కదా! మిమ్మల్నీ నన్నూ కలిపి కట్టేస్తారు. ముందు వీళ్లని కాస్త తిప్పండి బాబూ."

తిప్పడానికి బాబాయికి దొరికింది మునిసిపాలిటీ నీళ్ల ట్యాంకరు. ఊళ్లో అన్ని వీధులూ తిరిగేది అదొక్కటే. డ్రైవరు తెలిసినవాడు. ముప్పై ఫోన్లూ సంచిలో కట్టి, సీటు వెనక పనిముట్ల పెట్టెలో పెట్టి, వారం తరవాత తీసుకుంటానన్నాడు. అరవై మంది పెద్దమనుషులు ఊరు చూడ్డానికి బయలుదేరారు.

వ్యాపారంలో కొన్నిసార్లు సరుకు మనం కట్టిన ధర దాటి పైకి పోతుంది. ఆపడం మన చేతిలో ఉండదు. రాజధానిలో పటం చూసేవాళ్లు బిత్తరపోయారు. కుట్రదారులు తెల్లవారి ఆరింటికే వీధిన పడుతున్నారు. ఏ వీధిలో ఆగినా పది నిమిషాల్లో ఆ వీధి ఫోన్లన్నీ వాళ్ల చుట్టూ చేరుతున్నాయి. ఇంత ప్రజాదరణ గల ఉద్యమం ఈ మధ్యకాలంలో చూడలేదని నివేదిక రాశారు. అన్నిటికన్నా ఘోరం, ఆ అరవై మందీ రోజుకు రెండుసార్లు, నలభై నిమిషాల చొప్పున, మంత్రిగారి ఇంటిని ముట్టడిస్తున్నారు. మంత్రిగారి తోటకి పూటకో ట్యాంకరు నీళ్లు పోస్తారన్న సంగతి పటంలో ఉండదు.

తన ఇంటిమీద వారం రోజులుగా ముట్టడి జరుగుతోందని మంత్రిగారికి రాజధాని నుంచి ఫోనొస్తే గాని తెలియలేదు. కిటికీ తెర పక్కకి జరిపి చూశారు. నీళ్ల ట్యాంకరు తప్ప ఏమీ కనపడలేదు.

"చూశారా, ఎంత జాగ్రత్తగా ఉన్నారో!" అన్నారు.

ఆ మర్నాడే అరెస్టులు. పోలీసు ఇన్స్పెక్టరు బలగంతో ముందుగా ఉద్యమ నాయకుడైన కాంపౌండరు ఇంటికెళ్లాడు. అతని భార్య తలుపు తీసింది.

"కాంపౌండరు ఉన్నాడా?"

"లేడు నాయనా."

"ఎక్కడికెళ్లాడు?"

ముసలావిడ చెయ్యెత్తి పైకి చూపించింది. ఇద్దరు కానిస్టేబుళ్లు డాబా ఎక్కి వెతికారు.

"మర్యాదగా చెప్పు. ఎప్పుడొస్తాడు?"

"మీకు కనపడితే నాకో కబురు పెట్టండి నాయనా. బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టాడో అడగాలి."

సాయంత్రానికి అరవై ఇళ్లు సోదా చేసి, గోడల మీది ఫొటోలు యాభై రెండు స్వాధీనం చేసుకున్నారు. మిగతా ఎనిమిది మంది ఫొటోలు కూడా దొరక్కుండా తప్పించుకున్నారని ఇన్స్పెక్టరు పైకి రాసుకున్నాడు.

మంత్రిగారి ఇంట్లో అత్యవసర సమావేశం. మంత్రిగారు, ఇన్స్పెక్టరు, సందేశ అధికారి, వార్డు నాయకుడు. సిమ్ములు అమ్మినవాడు కాబట్టి బాబాయిని కూడా పట్టుకొచ్చి గోడ వార నిలబెట్టారు.

"సార్, అరవై మందీ చనిపోయారు," అన్నాడు ఇన్స్పెక్టరు.

"మంచిది," అన్నారు మంత్రిగారు ఊపిరి పీల్చుకుని. "ఎవరు కాల్చారు?"

"ఎవరూ కాల్చలేదు సార్. ఎప్పుడో పోయారు. జబ్బులతో."

"అయితే ఇది మోసం! ఆ సిమ్ములమ్మినవాణ్ణి లోపలెయ్యండి."

బాబాయి లెక్క వేసుకున్నాడు. తను లోపలికెళితే ఒక లెక్క. చెల్లెలి కాగితం ఆ అధికారి జేబులోనే ఉండిపోతుంది, అడిగే నాథుడుండడు. అది ఇంకో లెక్క. రెండోదే బరువుగా తూగింది. రెండు చేతులూ జోడించబోతుండగా వార్డు నాయకుడు లేచి మంత్రిగారి చెవి దగ్గర వంగాడు. గుసగుస అతని ఒంటికి పడని విద్య, అందరికీ వినపడింది.

"సార్, వాళ్లంతా మన ఓటర్లు. మొన్న కూడా వేశారు."

"మొన్నంటే?"

"చనిపోయాక సార్."

మంత్రిగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"మన మెజారిటీ ఎంత?"

"ముప్పై ఏడు సార్. ఓడినవాడి కేసు ఇంకా కోర్టులో నడుస్తోంది."

మంత్రిగారు మెల్లగా లేచారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇన్స్పెక్టర్! నా నియోజకవర్గంలో నిండు నూరేళ్లు బతకాల్సిన మనుషుల్ని పట్టుకుని చనిపోయారంటావా? నీకు మానవత్వం ఉందా?"

"గోడల మీద ఫొటోలున్నాయి సార్..."

"నా ఫొటో కూడా ఉంది గోడ మీద. నేను చచ్చానా?"

ఇన్స్పెక్టరు గోడకేసి చూశాడు, మంత్రిగారికేసి చూశాడు. "బతికుంటే మరి అరెస్టు చూపించాలి కదా సార్? రాజధానివాళ్లు అరవై మందినీ అడుగుతున్నారు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అలాంటి చోట బేరం తెలిసినవాడికి ఒక నిమిషం దొరుకుతుంది. బాబాయి గోడ వదిలి అడుగు ముందుకేశాడు.

"చిన్న మాట సార్. కదలని సరుకుతో మేం పోట్లాట పెట్టుకోం. గౌరవంగా వాపసు తీసుకుంటాం."

"అంటే?"

"క్షమించెయ్యండి సార్. లొంగిపోయారని రాసుకోండి. మనుషులు రాకపోయినా సిమ్ములొస్తాయి."

మంత్రిగారు అతన్ని తేరిపార చూశారు. "వాళ్ల డిమాండేమిటి?"

"పిల్లల వార్డు తాళం తియ్యాలని సార్," అన్నాడు సందేశ అధికారి.

"అది ఆ తల్లులెవరో ఏడాదిగా అడుగుతున్నారు కదా? కుదరదన్నాం."

"వాళ్లు ఉత్త తల్లులు సార్. వీళ్లు మన ఓటర్లు," అన్నాడు వార్డు నాయకుడు.

ఆ ఆదివారమే లొంగుబాటు సభ జరిగింది. అరవై సిమ్ములూ వెండి పళ్లెంలో పోసి వేదిక మీదకి తెచ్చారు. మంత్రిగారు పళ్లేన్ని అందుకుని, దారితప్పిన బిడ్డల్ని దగ్గరికి తీసినట్టు గుండెలకి ఆనించుకుని, సందేశ అధికారికి అప్పగించారు. తరవాత ఆసుపత్రికెళ్లి తాళం తీశారు. ఫొటోలు అయ్యాక మళ్లీ వేశారు. మంచాలు మంజూరు కాని వార్డు తెరిచిపెడితే పిల్లలు ఎక్కడ పడుకోవాలో తెలియక కంగారుపడతారని వివరించారు. మరణించిన వారి మీద కూడా ఇంత ఓర్పు చూపిన నాయకుడు మరొకరు లేరు. అయితే ఆ మాట పత్రికల్లో రాయడానికి వీల్లేకపోయింది.

సభ అయ్యాక బాబాయి అధికారిని పక్కకి పిలిచాడు. "సార్, మన బేరం... ఆ కాగితం?"

"భద్రంగా ఉందండీ," అన్నాడు అధికారి జేబు తట్టి. "రాజధానివాళ్లు ఎంత సంతోషించారంటే, టార్గెట్ వంద చేశారు."

"నా దగ్గర ఇక సరుకు లేదు సార్. ఇంకోసారి ఆ పని చెయ్యను."

అధికారి బతిమాలలేదు. కోప్పడలేదు. "సరేనండీ," అని నవ్వాడు. బేరానికొచ్చినవాడు అంత సులువుగా వెళ్లిపోతే వేరే కొట్టు చూసుకున్నాడన్నమాట. ఆ నవ్వు బాబాయిని పది రోజులు తిననివ్వలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం చెల్లెలు కొట్టుకొచ్చి ఫోను చాపింది.

"అమ్మా, రేపు పదింటికి వార్డు గేటు దగ్గర కలుద్దాం. మీ పన్నెండు మందే కాకుండా ఇంకా ఎవరెవరు వస్తారో పేర్లు రాసి పంపు. మనం ఊరుకోకూడదు. — కాంపౌండరు."

బాబాయి రెండుసార్లు చదివాడు. "ఇది నేను రాయలేదు. ఆ సిమ్ములు ఇప్పుడు..." గోదాము మీది కిటికీకేసి చూశాడు. "జవాబివ్వకు. ఫోనాపెయ్. సిమ్ము విరిచెయ్. మీవాళ్లందరికీ మనిషిని పంపి చెప్పు, ఫోన్లో కాదు. ఆ కాగితానికి ఇది తోడైతే మూడేళ్లు కాదు, ఏడేళ్లవుతుంది."

చెల్లెలు స్టూలు మీద కూర్చుంది.

"పెద్దాయన అంత ఆప్యాయంగా పలకరిస్తే జవాబివ్వకపోవడం మర్యాద కాదన్నయ్యా."

టైపు చెయ్యడం మొదలుపెట్టింది. బాబాయి భుజం మీదుగా చదివాడు.

"కాంపౌండరు గారూ, నమస్కారం. మీరు పోయి నాలుగేళ్ల రెండు నెలలైంది. మూడో వార్డు, పదిహేడో మంచం, ఉదయం అయిదుంబావు. కళ్లు మూసింది నేనే, మరణాల రిజిస్టరులో రాసిందీ నేనే. రిజిస్టరు నా బీరువాలోనే ఉంది. మీతోపాటు లొంగిపోయినవాళ్ల తారీకులు కూడా ఒక్కొక్కటే మెసేజి పెడతాను. ఆరోగ్యం జాగ్రత్త."

"ఒసేయ్, చదువుతారే!"

"చదవమనే."

నొక్కింది.

ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బాబాయి నిలబడలేక, కూర్చోలేక, తుడిచిన బల్లే మళ్లీ తుడిచాడు. నాలుగు నిమిషాలకి గోదాము మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సందేశ అధికారి అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటాడు. ఒక లారీవాడు తిట్టిన తిట్టు కూడా అతనికి వినపడలేదు. వచ్చి కొట్లో కూలబడి, మంచినీళ్లడిగి తాగాడు.

"అమ్మా," అన్నాడు, గొంతు తగ్గించి. "ఇలాంటివి ఫోన్లో రాస్తారా ఎవరైనా? ఎవరైనా చదివితే?"

"చదివేది మీరే కదండీ."

"నేను చదివితే సాయంత్రం ఆరింటికి రిపోర్టులో పైకి పంపాలి. పంపితే..." మిగతాది మింగేశాడు. "మొత్తం ఎన్ని తారీకులున్నాయి మీ దగ్గర?"

"మా ఆసుపత్రిలో పోయినవాళ్లవే. నలభై మూడు."

అధికారి పెదాలు కదిలాయి. లోలోపల మంత్రిగారి ముప్పై ఏడు మెజారిటీలోంచి నలభై మూడు తీసివేస్తున్నాడు. చేసి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

చెల్లెలు దాన్ని ముట్టుకోలేదు. దానికేసి చూడనైనా చూడలేదు. ఫోను మాత్రం తీసి చేతిలో పట్టుకుంది.

అధికారి గోడ గడియారం చూసుకున్నాడు. మూడున్నర.

"వార్డుకి ఎన్ని మంచాలు కావాలన్నారు?"

"ఇర..." అనబోయింది చెల్లెలు.

బాబాయి బల్ల కిందనుంచి ఆమె కాలు తొక్కాడు.

"ముప్పై," అంది చెల్లెలు.